జేగురు పూసిన ఎనభై నాలుగు ఇటుకలు

పాత ఇటుకకి రంగు వేయకూడదని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే వేసేవాణ్ణి కాదని కూడా గట్టిగా అనలేను. పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నారంటే మా ఆఫీసులో కుండీలకీ, చెట్ల మొదళ్ళకీ, మెట్ల అంచులకీ ఎర్రటి జేగురూ సున్నమూ పడేవి. స్టోరు వరండాలో మాసిపోయి ఉన్న ఇటుకలు ఆ వరుసలోకి రావడంలో వింతేమీ లేదు. రెండు వేల ఏళ్ళ నాటివైనంత మాత్రాన వాటికి మినహాయింపు ఉంటుందని, ఉద్యోగంలో చేరి మూడు నెలలే అయిన నాకు తోచలేదు.

మ్యూజియాల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, మీ సర్వీసులో మరిచిపోలేని సంగతి ఒకటి చెప్పండని అడుగుతుంటారు. విగ్రహం గురించో బంగారు నాణెం గురించో చెబుతానని ఎదురుచూస్తారు. నేను ఇటుకల సంగతి మొదలుపెడతాను. ఫోనులో చెబితే అంకెలు నిలవవు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. ఏ మ్యూజియమో, ఎవరెవరో రాయను. రాజమండ్రిలో గోదావరి గట్టుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక పాత భవనం అనుకోండి, చాలు.

నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. పదో తరగతి తర్వాత మండపేటలో ఒక రైస్ మిల్లులో పదేళ్ళు పనిచేశాను. లారీ దిగిన బస్తాలోకి ఇనప గొట్టం పొడిచి ధాన్యం నమూనా తీయడం, వంద గింజల్లో తాలెంత, నూకెంత, వేరే రకం ఎంత కలిసిందో చెప్పడం నా పని. సగటు, శాతం అక్కడే వచ్చాయి. మిగతా లెక్కలు పాత పుస్తకాల దుకాణంలో కొన్న ఒక పుస్తకం చూసి నేర్చుకున్నాను. దానికి అట్ట లేదు, మొదటి పన్నెండు పేజీలు లేవు. అందుకే లెక్కల్లో నాకు పునాది ఎప్పుడూ పదమూడో పేజీ నుంచే. మ్యూజియంలో వాచ్‌మన్‌గా ఉన్న మా నాన్న పోయాక మా ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తామంటే నేను వెళ్ళాను. అటెండరుగా చేరి స్టోరు కీపరునయ్యాను.

ఆ ఇటుకలు డెల్టాలో ఒక దిబ్బ తవ్వినప్పుడు వచ్చినవి. ఒక్కొక్కటీ మూరెడు పొడవు, పదిహేను కిలోల బరువు. తవ్వినవాళ్ళు రెండు గోడల్లోంచి తీశారు. అడుగున ఉన్న పాత గోడ నుంచి నలభై ఎనిమిది, దాని మీద తర్వాతెప్పుడో కట్టిన గోడ నుంచి నలభై ఎనిమిది. మొత్తం తొంభై ఆరు. నేను చేరేటప్పటికే ఎనభై నాలుగున్నాయి. ఆ ఎనభై నాలుగింటికీ నేనూ మా స్వీపరూ కలిసి ఒక శనివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జేగురు పూశాం. జిగురు కలిపితే రాలిపోదని ఎవరో అంటే జిగురు కూడా కలిపాను. నా పని ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది. తనిఖీకి వచ్చిన అధికారి వరండా దాకా రాలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి రిజిస్టర్లు తిరగరాయమన్నారు. అప్పుడు ఆ ఇటుకల వరుసలో ‘ఏ గుర్తులూ లేవు’ అని నా చేతి రాతతోనే రాశాను. అబద్ధం కాదు. చూసినంతవరకూ ఏ గుర్తులూ లేవు. ఎందుకు లేవన్నది రాసే గడి ఆ రిజిస్టరులో లేదు.

ఇక అసలు సంగతి. ఐదేళ్ళ కిందట మా ఆఫీసరు గారు మ్యూజియం వెనక కొత్త గదీ, చక్రాల కుర్చీ వెళ్ళడానికి ర్యాంపూ కట్టించే పని పెట్టుకున్నారు. మనిషి మంచివారు. అయితే ఖాళీ జాగా కనిపిస్తే గాని ఆయనకి ఊపిరాడదు. స్టోరులో పనికిరానివాటి జాబితా తీయించారు. అందులో మొదటి వరుస, నా రాత ఆధారంగా, ఆ ఎనభై నాలుగు ఇటుకలు.

"ర్యాంపు కింద నింపడానికి ఇటుక ముక్కలు కావాలంటున్నాడు ఇంజనీరు. ఇవెలాగూ ఉన్నాయి కదండీ, ఏ గుర్తులూ లేనివి" అన్నారు. "వచ్చే సోమవారం టిప్పరు వస్తుంది. ఎక్కించేయించండి."

"అలాగేనండి" అన్నాను. నాకు బాధ కూడా కలగలేదు. నిజం చెప్పాలంటే ఏటా ‘పన్నెండు తక్కువ’ అని రాసి సంతకం పెట్టే గోల వదిలిపోతుందనుకున్నాను.

ఆ మర్నాడు, మంగళవారం, ఒక అమ్మాయి వచ్చింది. తునిలో ఉంటుంది, వాళ్ళ నాన్నగారు అక్కడ టీచరు. పాతకాలం వాళ్ళు ఏం తినేవారన్న దాని మీద పరిశోధన చేస్తోంది. పొద్దున రైల్లో వచ్చి సాయంత్రం రైల్లో వెళ్ళిపోయేది. ఆఫీసరు గారి అనుమతి కాగితం చేతిలో పెట్టి, "బాబాయిగారూ, కుండ పెంకులు చూడొచ్చాండీ?" అంది. గంటన్నర పెంకులు చూసి, తల ఎత్తి, "ఇటుకలేమైనా ఉన్నాయాండీ?" అని అడిగింది.

మిల్లులో ఉన్నప్పటి నుంచీ నాకొక బలహీనత. నమూనా అడిగినవాళ్ళకి శుభ్రమైన నమూనా చూపించాలి. ఎనభై నాలుగు ఇటుకలు, వరుసకి పన్నెండు చొప్పున, అంచులు కలిపి పేర్చి ఉంటాయి. గర్వంగా తీసుకెళ్ళాను. ఆ అమ్మాయి లెన్సు తీసి ఒక ఇటుక మీదికి వంగింది. తర్వాత రెండోది. ఆరోది దాకా వెళ్ళి ఆగింది.

"వీటికి ఈ ఎర్ర పూత ఎప్పటిదండీ?"

"మొదటి నుంచీ అలాగే ఉన్నాయమ్మా" అన్నాను.

ఎందుకన్నానో చెబుతాను. ఆ స్టోరులో నా లెక్క తప్పదని పేరు. ఆ పేరు తప్ప నాకు ఇంకేమీ లేదు, డిగ్రీ లేదు, పేపర్లు లేవు. నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల ముందు ఆ పేరు పోగొట్టుకోవడం ఇష్టం లేక నోరు దానంతట అదే అబద్ధం ఆడింది. మూలన చీపురు పట్టుకున్న మా స్వీపరు ఊడవడం ఆపి నా వంక చూసింది. ఆవిడ నాకన్నా ఆరేడేళ్ళు పెద్ద, ఉద్యోగంలోనూ సీనియర్. నేను అటెండరుగా చేరిన రోజు నుంచీ అక్కా అనే పిలుస్తాను. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే. ఆ గొంతుతోనే మమ్మల్నీ అదిలించేది.

అబద్ధం చెప్పినప్పుడు అది అక్కడితో ఆగుతుందనుకుంటాం. బుధవారం ఆ అమ్మాయి మొహం వెలిగిపోతూ వచ్చింది.

"బాబాయిగారూ, ఈ కాలపు ఇటుకలకి ఇలాంటి పూత నేనెక్కడా చూడలేదండీ! మా గైడ్‌గారికి ఫోటోలు పంపితే రెండుసార్లు ఫోన్ చేశారు. గోడలకి ఎర్ర రంగు వేసే అలవాటు అప్పుడే ఉందేమోనంటున్నారు. దీని మీద రాద్దామంటున్నారండీ!"

ఆ రోజంతా ఆ అమ్మాయి నా జేగురుని కొలతలు వేసి, గీసి, ఫోటోలు తీసింది. కుంచె గీతలు కూడా కనిపెట్టింది. "చూడండీ, కుడిచేతి వాటం మనిషి" అని నాకే చూపించింది. నేను కుడిచేతిని జేబులో పెట్టుకున్నాను.

మధ్యాహ్నం అన్నాల దగ్గర మా అక్క క్యారేజీ మూత తీస్తూ, "ఏంటి తమ్ముడూ, రెండు వేల ఏళ్ళ కింద నువ్వున్నావా?" అంది.

"నెమ్మదిగా అను అక్కా."

"నెమ్మదిగానే అంటున్నాలే. ఆ రంగు నీ గోళ్ళకి వారం దాకా వదల్లేదు. మీ ఆవిడ అన్నం కలపనివ్వలేదని నువ్వే చెప్పావు. ఇప్పుడా పిల్ల దాన్ని పుస్తకంలో రాసేస్తే ఎవరి మొహం ఎర్రబడుద్ది?"

గురువారం పొద్దున, ఆ అమ్మాయి సంచి కింద పెట్టీ పెట్టకముందే చెప్పేశాను. తనిఖీ, జేగురు, జిగురు, శనివారం, అన్నీ. రంగు డబ్బా ఎంత సైజుదో కూడా చెప్పాను. భయం వేసినప్పుడు నాకు అంకెలు ఎక్కువగా వస్తాయి.

ఆ అమ్మాయి లెన్సుని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టింది. కోపం వచ్చిందనుకున్నాను. వచ్చే ఉంటుంది. కాసేపటికి, "గైడ్‌గారికి ఏం చెప్పాలండీ? అది ప్రాచీన పూత కాదు సార్, తనిఖీ పూత అని చెప్పాలా?" అని, తనే ఫక్కున నవ్వేసింది. మూలనుంచి మా అక్క కూడా నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను.

"పూత సంగతి వదిలేయండి" అందా అమ్మాయి. "నేను ఇటుకల్లో వెతికేది వేరే. అప్పట్లో మట్టి పగలకుండా అందులో ఊక కలిపి ఇటుక కోసేవారండీ. కాల్చినప్పుడు ఊక కాలిపోతుంది గానీ దాని ముద్ర మట్టిలో ఉండిపోతుంది. ఆ ముద్ర చూస్తే వాళ్ళు ఏ పంట నూర్చారో తెలుస్తుంది. మీ జేగురు ఆ ముద్రలన్నింటినీ పూడ్చేసింది."

ఊక అన్న మాట వినగానే నాకు మిల్లు గుర్తొచ్చింది. పదేళ్ళు నేను ఊకలో మునిగి బతికినవాణ్ణి. మిల్లు బాయిలర్ కింద నుంచి తీసిన బూడిదలో ఊక పొట్టు తెల్లగా, ఆకారం చెడకుండా ఉండేది. చేత్తో నలిపితే గాని పొడి అయ్యేది కాదు. ఇరవై ఏళ్ళుగా కాపలా కాసిన ఇటుకల్లో నాకు తెలిసిన ఒకే ఒక్క విద్య దాగి ఉందన్నమాట! దాని మీద నేనే రంగు వేశాను.

లెన్సు అడిగి తీసుకుని ఒక్కో ఇటుకా తిప్పి తిప్పి చూశాను. యాభై మూడో ఇటుక మూల చిన్నగా పెచ్చు ఊడి ఉంది. అక్కడ చింతగింజంత మేర రంగు లేదు. అందులో ఒక ముద్ర, దాని అడుగున తెల్లటి పొర. బాయిలర్ బూడిద! "దొరికింది!" అని అరిచాను.

ఆ అమ్మాయి చూసింది. చూసి, మళ్ళీ చూసింది. "బాబాయిగారూ, ఇది వరి కాదండీ."

"వరి కాకపోవడమేంటమ్మా? ఇది డెల్టా. ఇక్కడ వరి కాక ఇంకేం పండుతుంది?"

"అదే కదండీ తెలియాల్సింది. గుండ్రంగా, చిన్నగా, అడ్డంగా ముడతలున్నాయి. కొర్రలా ఉంది. వరి పొట్టు మీదైతే నిలువు వరుసల్లో గళ్ళు గళ్ళుగా బుడిపెలుంటాయి."

నా మొదటి ఆలోచన ఆ పిల్ల పొరబడిందని. రెండోది, పొరబడకపోతేనో అని. కాటన్ ఆనకట్టకి ఈవలి పక్క పుట్టినవాడికి వరి లేని భూమిని ఊహించుకోవడం అంత తేలిక కాదు. ఆ దిబ్బ చుట్టూ కనుచూపు మేర చేలే. అక్కడ గోడ కట్టినవాళ్ళు కొర్రలు నూర్చారంటే, మేం అనాదిగా ఉందనుకునే పచ్చదనం తర్వాతెప్పుడో వచ్చిందన్నమాట. అయితే ఒక్క ముద్రతో ఏం చెప్పగలం? ఒక్క గింజ చూసి బస్తా రకం చెప్పేవాణ్ణి మిల్లులో మేం గుమ్మం ఎక్కనిచ్చేవాళ్ళం కాదు. రంగు లేని ఇటుకలు కావాలి. సోమవారానికి నాలుగు రోజులే ఉంది.

శుక్రవారం ఇద్దరం ఆఫీసరు గారి గదికి వెళ్ళాం. నాలుగు ఇటుకలు పగలగొట్టనిస్తే లోపల ముద్రలు చూస్తామని ఆ అమ్మాయి అడిగింది.

"రిజిస్టరులో ఉన్న వస్తువుని పగలగొట్టడమా? నా ఉద్యోగం పోతుందమ్మా" అన్నారాయన.

"సోమవారం ర్యాంపు కింద మీరే పగలగొట్టిస్తున్నారు కదండీ?"

"అప్పటికి అవి రిజిస్టరులో ఉండవు కదా."

"పోనీ సోమవారం పొద్దున, రిజిస్టరులోంచి తీసేశాక, నేను పగలగొట్టుకోవచ్చాండీ?"

"నిరభ్యంతరంగా. కానీ అప్పుడవి ఏ దిబ్బవని రాస్తారు? రిజిస్టరులో లేనివాటికి ఊరూ పేరూ ఉండవు. మామూలు ఇటుక ముక్కలు."

ఆయన వెటకారంగా అనలేదు. నియమం అలాగే ఉంది. ఈ ఇటుకల్లో ముద్రలున్నాయని చూపించే సాక్ష్యం ఏదైనా ఉంటే సోమవారం లోపు తెమ్మన్నారు. ఆయన చేయగలిగింది అంతే.

శనివారం మధ్యాహ్నం ఆ అమ్మాయి దిగులుగా కుండ పెంకులు సర్దుకుంటుంటే, నేను ఊరుకోలేక టేపు పట్టుకుని ఎనభై నాలుగు ఇటుకల మందం కొలిచాను. ఎల్లుండి పోయేవాటికి కొలతలైనా మిగులుతాయని. కొలుస్తుంటే అవి రెండు గుంపులుగా విడిపోయాయి. కొన్ని ఎనిమిది సెంటీమీటర్లకి పైన, కొన్ని ఏడుకి లోపు. మధ్యలో ఒక్కటీ లేదు. పాత రిజిస్టరులో కింది గోడ ఇటుకలు మందమని, పై గోడవి పలచనని ఒక వాక్యం ఉంది. ఇన్నేళ్ళూ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మందమైనవి నలభై ఒకటి, పలచనివి నలభై మూడు. అంటే పోయిన పన్నెండింట్లో మందమైనవి ఏడు, పలచనివి ఐదు.

అది కాగితం మీద వేసుకుని, ఆ పాత వాక్యం సరిగ్గా ఎలా ఉందో మళ్ళీ చూద్దామని రిజిస్టర్ల బీరువా తలుపు లాగాను. బీరువా ఊగింది. అది ఎప్పుడూ ఊగుతుంది. స్టోరులో ఇనప బీరువాలు మూడున్నాయి. మొదటి రెండూ కదలవు, మూడోది ఊగుతుంది. ఎప్పటిదో టికెట్ల కట్ట మడిచి దాని ఒక కాలి కింద దోపి ఉంటుంది. అది జారినప్పుడల్లా నేనే కాలితో లోపలికి నెడతాను. ఆ రోజు కూడా నెట్టబోయి కాలు ఆపాను.

ఒక కాలి కింద మాత్రమే కట్ట ఎందుకు పెట్టాల్సి వచ్చింది? ఆ కాలి కింద ఉన్నది మిగతా మూడింటికన్నా సెంటీమీటరుకి పైగా పలచన కాబట్టి. మూడు బీరువాలు, ఒక్కోదానికి నాలుగు కాళ్ళు. మూడు నాలుగులు పన్నెండు.

నేల మీద బోర్లా పడుకున్నాను. అంగుళం మందాన దుమ్ము. వేలితో గీకితే మట్టి రంగు ఇటుక, అసలు రంగుది! మోకాళ్ళ మీద దేకుతూ పన్నెండు కాళ్ళూ చూశాను. మొదటి బీరువా కింద నాలుగూ మందం. రెండోదాని కింద నాలుగూ పలచన. మూడోదాని కింద మూడు మందం, ఒకటి పలచన. ఏడూ, ఐదూ!

"ఏడూ ఐదూ! ఏడూ ఐదూ!" అని నేను అరుస్తుంటే మా అక్క చీపురుతో సహా పరుగెత్తుకొచ్చింది.

"ఏంటి తమ్ముడూ, తేలు కుట్టిందా?"

"ఈ బీరువాల కింద ఇటుకలు పెట్టిందెవరు?"

"వరదొచ్చిన ఏడు అప్పటి సార్‌గారు పెట్టించారు. స్టోరులోకి నీళ్ళొచ్చేస్తున్నాయని. నేనూ మీ నాన్నగారే మోశాం. నడుం పడిపోయింది. అయితే ఏంటి?"

"పన్నెండు ఇటుకలు పోయాయని ఇరవై ఏళ్ళుగా రాస్తున్నాం కదక్కా! ఒక్కసారైనా చెప్పొచ్చు కదా!"

"నువ్వడిగావా? రాసింది రిజిస్టరులో రాసుకుంటారు. రిజిస్టరు బీరువాలో పెట్టి తాళం వేసుకుంటారు. అందులో ఏం రాశారో నేనెలా చూస్తాను, ఆ బీరువాలో దూరా?"

ఇటుకలు లేవని రాసిన పుస్తకాన్ని ఆ ఇటుకల మీదే నిలబెట్టి ఇరవై ఏళ్ళు కాపాడామన్నమాట. ఆ అమ్మాయి నవ్వి నవ్వి కుండ పెంకుల పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. కళ్ళు తుడుచుకుని, "వీటికి రంగు వేయలేదు కదండీ?" అంది భయంగా.

"బీరువా కింద ఎవరు చూస్తారమ్మా? చూడనిచోట రంగెందుకు వేస్తాం?"

బీరువాలు ఎత్తుతున్నామని ఆఫీసరు గారికి ఫోన్ చేస్తే, "బీరువా జరపడానికి కూడా నా పర్మిషనేంటండీ బాబూ" అన్నారు. ఆదివారం మా అక్క చర్చి నుంచి తెల్ల చీరతోనే వచ్చేసింది. రిజిస్టర్లన్నీ దించి, వాళ్ళ మరిది కారు జాకీ తెచ్చి బీరువా అంచు కింద పెట్టి ఒక్కో కాలూ ఎత్తాం. ఇటుక తీసిన చోట మామూలు ఇటుక పెట్టాం. ఒక్కోదాన్నీ తీస్తూ చాక్‌పీసుతో ఏ బీరువా, ఏ కాలు అని రాశాను. ఎన్నేళ్ళ బరువో పాపం, నాలుగు ఇటుకలు నిలువునా పగిలిపోయి ఉన్నాయి. పగలగొట్టడానికి ఎవరూ ఇవ్వని అనుమతి బీరువా తీసేసుకుంది. పగులు విప్పి చూస్తే లోపల ముద్రలే ముద్రలు! నేల మీద గింజలు పోసినట్టు!

అయితే ఏది ఏ పొట్టో సోమవారం ఆఫీసరు గారికి చూపించాలి. ఇప్పటి వరి, ఇప్పటి కొర్ర తడి మట్టిలో ఒత్తి పక్కన పెడితే ఎవరికైనా తెలుస్తుంది. వడ్లకేం, మా అక్క ఇంట్లో బస్తా ఉంది. కొర్రల కోసం నాలుగు కొట్లు తిరిగాను. అన్నిచోట్లా పొట్టు తీసి పాలిష్ చేసిన బియ్యమే. ఐదో కొట్టులో కుర్రాడు, "పొట్టుతో కావాలంటే చిలకల షాపుకెళ్ళండి సార్" అన్నాడు. నిజమే. ఇప్పుడు మా ఊళ్ళో పొట్టుతో కొర్రలు తినేది చిలకలే.

లెక్క మిల్లు పద్ధతిలోనే పెట్టాం. అట్టలో అంగుళం చదరపు కిటికీ కోసి, ఇటుక మీద ఐదు చోట్ల ఆన్చి, అందులో పోల్చుకోగలిగిన ముద్రలే లెక్కపెట్టాలి. ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. కింది గోడ ఇటుకల్లో నాకు నూట పన్నెండు ముద్రలు వచ్చాయి, వాటిలో కొర్ర తొంభై ఏడు, వరి పదిహేను. ఆ అమ్మాయికి నూట తొమ్మిది, కొర్ర తొంభై నాలుగు, వరి పదిహేను. పై గోడ ఇటుకల్లో ఇద్దరికీ దాదాపు అంతా వరే. నూట నలభైలో కొర్ర మూడు.

కాగితాలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. మా అక్కే అంది: "అయితే మన వరి మధ్యలో వచ్చిందేనా?"

మధ్యలో నేనొక తొందరపాటు కూడా చేశాను. ఆ వరి ముద్రల పొడవు కొలిచి, ఇప్పటి వడ్లకన్నా చిన్నవి కాబట్టి ఇది వేరే రకమని గొప్పగా ప్రకటించాను. "మట్టి ఎండితే, కాలితే కుంచించుకుపోతుంది కదా బాబాయిగారూ. ముద్ర కూడా దాంతోపాటే" అంది ఆ అమ్మాయి నెమ్మదిగా. మొదటి పన్నెండు పేజీలు చదవకపోతే ఇలాగే ఉంటుంది.

సోమవారం పది గంటలకి టిప్పరు వచ్చి వెనక గేటు దగ్గర ఆగింది. ఇంజనీరు గారు వాచీ చూసుకుంటున్నారు. ఆఫీసరు గారు స్టోరులోకి వచ్చి, బల్ల మీద పెట్టిన తడి మట్టి ముద్దలు చూశారు, ఇటుకలు చూశారు, లెన్సు పెట్టి మళ్ళీ చూశారు. వరి ఏదో కొర్ర ఏదో ఆయనే వేలు పెట్టి చెప్పడం మొదలుపెట్టారు. అప్పుడు నాకు గుండె ఎంత వేగంగా కొట్టుకుందో లెక్కపెట్టలేదు. అది ఒక్కటే లెక్కపెట్టనిది.

"బావుంది. ఈ పన్నెండూ ఉంచుదాం" అన్నారు. "కానీ ఆ ఎనభై నాలుగు ఎందుకు ఆపాలి? వాటిలో ఏ గుర్తులూ లేవని రాసి ఉంది కదా. ఎవరు రాశారిది?"

"నేనేనండి."

"లేవా మరి?"

"ఉన్నాయండి. కనపడవు. పైన జేగురు ఉందండి. వేసింది కూడా నేనేనండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మంజూరైన జాబితా ఆపాలంటే పైకి కారణం రాయాలి. మీరు ఇప్పుడు చెప్పింది కాగితం మీద రాసి సంతకం పెట్టగలరా? ఆలోచించుకోండి. మీ ప్రమోషన్ ఫైలు ఇంకా పైన పెండింగులో ఉంది."

ఆలోచించుకోవడానికి ఆ ఎనభై నాలుగింటి వంక చూశాను. ఆ అమ్మాయి నా వంక చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తోంది. పన్నెండు నమూనాలతో ఒక మాట చెప్పొచ్చు. తొంభై ఆరుతో అయితే ఆ మాట నిలబడుతుంది. మిల్లులో నేను నేర్చుకున్నదంతా ఇంతే. "రాస్తానండి" అన్నాను.

"బకెట్టు నేను పట్టుకున్నానండి. నా పేరు కూడా రాయించండి" అంది మా అక్క.

"మీకెందుకమ్మా?"

"రంగు కలిపింది నేనేనండి. ఆయనకి కలపడం రాదు."

నాలుగు వాక్యాలు రాశాను. టిప్పరు ఖాళీగా తిరిగి వెళ్ళిపోయింది. ఇంజనీరు గారు ర్యాంపుకి కంకర తెప్పించుకున్నారు. రెండు నెలలకి మెమో వచ్చింది, మీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమని. మళ్ళీ ఆ నాలుగు వాక్యాలే రాసి పంపాను. ప్రమోషన్ ఏడాది వెనక్కి వెళ్ళింది. తర్వాత నడుం నొప్పి వల్ల ముందుగానే రిటైరయ్యాను గానీ, అది ఇటుకలు మోసిన నొప్పి అని మా అక్క అందరికీ చెబుతుంది.

ఆ అమ్మాయి రాసినది అచ్చయింది. అందులో గట్టిగా చెప్పిందేమీ లేదు. ఇది ఒక్క దిబ్బ సంగతేనని, ఊక వేరే ఊరి నుంచి తెచ్చి కలిపి ఉండొచ్చని, ఇంకా చూడాలని రాసింది. నాకు ఆ భాగమే అన్నిటికన్నా నచ్చింది. మీలో ఎవరైనా స్టోరులో పనిచేస్తుంటే ఒక్కటే చెబుతాను. తనిఖీ వస్తోందంటే మీరూ ఏదో ఒకటి శుభ్రం చేస్తారు, నాకు తెలుసు. చేసేది చేయండి, ఏం చేశారో మాత్రం పక్కన రాసి పెట్టండి. గడి లేకపోతే గీయండి.

రిటైరైనా ప్రతి మంగళవారం వెళ్తున్నాను. జీతం లేదు, టీ ఇస్తారు. దూదిపుల్ల శుభ్రమైన నీటిలో ముంచి, నేను పూసిన జేగురుని అర అంగుళం చొప్పున నేనే తుడుస్తాను. జిగురు కలిపాను కదా, తేలిగ్గా వదలదు. ఒక ఇటుకకి నెల పైనే పడుతోంది. ఇప్పటికి ముప్పై ఒకటి పూర్తయ్యాయి. పూత వదిలి కింద ముద్ర బయటపడినప్పుడల్లా, ఈ వయసులో కూడా, కుర్చీలోంచి లేచి నిలబడిపోతాను.

పోయిన మంగళవారం ముప్పై రెండోది మొదలుపెట్టాను. కింది గోడది, మందమైనది. పది కొర్ర ముద్రలు వరసగా వచ్చాయి. పదకొండోది లెన్సులో పెట్టి చూశాను. పొడవుగా ఉంది, కానీ బుడిపెలు లేవు. ఫోటో తీసి పంపితే ఆ అమ్మాయి వెంటనే ఫోన్ చేసి, "బాబాయిగారూ, ఇంకేమీ ముట్టుకోకండి, రేపు పొద్దున రైలుకి వచ్చేస్తున్నాను" అంది. తనకీ తెలియదట. నా పుస్తకంలో వరి, కొర్ర అని రెండే గడులున్నాయి. స్కేలు పెట్టి మూడో గడి గీసి, అందులో ఒకటి అని వేశాను. పైన పేరు రాసే చోటు ఖాళీగా ఉంచాను.